తారుకు తలంటు

ఎండాకాలం సెలవుల్లో చెప్పుల్లేకుండా రోడ్డు దాటిన పిల్లలకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి తారు మెత్తబడి మడమకు ఓ నల్లటి బిళ్లలా అతుక్కుపోతుంది. బావి దగ్గర సబ్బేసి రుద్దినా, ఇటుకముక్కతో గీకినా చర్మం ఎర్రబడేదే తప్ప తారు కదిలేది కాదు. మా అమ్మమ్మ వంటింట్లోంచి చెంచాడు నువ్వుల నూనె తెచ్చి, మడమ మీద పోసి, బొటనవేలితో నిదానంగా రాసేది. ఓ నిమిషానికి బిళ్ల అంచులు గోధుమరంగుకు తిరిగేవి. మరో నిమిషానికి నూనెలో నల్లటి చారలు పారేవి. పాతగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే మడమ శుభ్రం.

అమ్మమ్మ చేసిన ఆ పనినే ఇవాళ రోడ్డు మిశ్రమం తయారుచేసే హాట్ మిక్స్ ప్లాంట్లలో టన్నుల లెక్కన చేస్తున్నారు. సోయా నూనె, దేవదారు జాతి చెట్ల నుంచి వచ్చే నూనె, బజ్జీలు వేయించి పారబోసే నూనె, చివరికి మన కానుగ నూనె, ఆముదం కూడా ఈ పనికి పరీక్షకు నిలబడ్డాయి. ఆవిడకు కావలసింది తారు వదిలిపోవడం, వీళ్లకు కావలసింది తారు రాతిని పట్టుకుని ఉండటం. చెంచాడు నూనెకు, చుక్క నూనెకు ఉన్న తేడా అది.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. మనం తారు అంటున్నది నిజానికి తారు కాదు. అసలు తారు బొగ్గు నుంచి వస్తుంది. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేసేటప్పుడు దిగేది అది. అందులో క్యాన్సర్ కలిగించే పదార్థాలు ఎక్కువని రోడ్ల పని నుంచి దాన్ని దాదాపుగా తప్పించేశారు. ఇప్పుడు వేస్తున్నది బిట్యుమెన్. ముడిచమురును కాచి పెట్రోలు, కిరోసిన్, డీజిలు ఒక్కొక్కటే తీసుకుని, మిగిలినదాన్ని శూన్యంలో మళ్లీ కాచి బరువైన నూనెలు కూడా లాగేశాక అడుగున మిగిలేది అది. వెన్న కాచి నెయ్యి వంపేసుకున్నాక గిన్నెకు అంటుకుని ఉండే గసి లాంటిదన్నమాట. కొందరు డాంబరు అంటారు, కాంట్రాక్టర్లు బీటీ అంటారు. జనం తారు అంటున్నారు కాబట్టి నేనూ తారు అనే అంటాను.

రోడ్డు పైపొరలో ఈ తారు చాలా తక్కువ. వంద కిలోల మిశ్రమం తీసుకుంటే 95 కిలోల దాకా కంకర, ఇసుక, రాతిపొడే ఉంటాయి, తారు ఓ ఐదు కిలోలు. ఆ ఐదు కిలోలే అన్ని రాళ్ల చుట్టూ పల్చటి పొరలా పరుచుకోవాలి. ఆ పొర మందం పది మైక్రాన్లకు అటూ ఇటూగా ఉంటుంది, అంటే తలవెంట్రుక మందంలో ఏడో వంతో ఎనిమిదో వంతో. లారీల కింద రాళ్లు కదలకుండా పట్టుకునేది ఈ పొరే. ఎండకు సాగి, చలికి ముడుచుకుని, చక్రం దాటిపోగానే మళ్లీ యథాస్థితికి రావలసిందీ ఇదే.

ఇంత పల్చటి పొరకు గాలి సోకకుండా ఎలా ఉంటుంది? తారుకు పెద్ద శత్రువు వాన కాదు, గాలిలోని ఆక్సిజన్. అది ఎలా దెబ్బతీస్తుందో తెలియాలంటే తారు లోపలికి ఓసారి తొంగిచూడాలి.

మధ్యాహ్నం చేసిన పప్పుచారు గుర్తు తెచ్చుకోండి. పైన తేట, అందులో తేలుతూ పప్పు రేణువులు. తారు కూడా ఇలాంటిదే. బరువైన, చదునైన పెద్ద అణువులు గుంపులుగా ఉంటాయి, వాటిని అస్ఫాల్టీన్లు అంటారు. అవి పలచటి నూనెల్లో ఈదుతుంటాయి. రెంటికీ పొత్తు కుదరడానికి మధ్యలో రెజిన్లనే మధ్యవర్తులుంటాయి. కొత్త తారులో ఈ కాపురం బాగానే సాగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆక్సిజన్ ఒక్కో అణువుకూ అతుక్కుంటుంది. అతుక్కున్నచోటల్లా అణువు ధ్రువత పెరిగి, పక్క అణువును గట్టిగా పట్టుకుంటుంది. తేటలో ఉండాల్సినవి రెజిన్లవుతాయి, రెజిన్లు అస్ఫాల్టీన్లవుతాయి. తేట తగ్గి, మడ్డి పెరిగి, మర్నాటి పప్పుచారులా గడ్డకడుతుంది. గరిటె వేస్తే పారదు, విరుగుతుంది. రోడ్డు మీద మొసలి చర్మంలా నెర్రెలు బాసిన చోట జరిగింది చాలామటుకు ఇదే.

ఈ ముదురుడులో పెద్ద వాటా రోడ్డు మీదకు రాకముందే జరిగిపోతుంది. ప్లాంటులో 150, 160 డిగ్రీల వేడి మీద తారును కంకరతో తిప్పుతారు. అంత వేడిలో, అంత పల్చటి పొరకు, చుట్టూ గాలి. రోడ్డు మీద ఏళ్లకేళ్లు పట్టే పని అక్కడ నిమిషాల్లో అయిపోతుంది. ప్రయోగశాలలో ఈ ముసలితనాన్ని కావాలని తెప్పించే పద్ధతులున్నాయి. సీసాల్లో పల్చగా తారు పోసి, 163 డిగ్రీల పొయ్యిలో 85 నిమిషాల పాటు గిరగిరా తిప్పుతారు. అది ప్లాంటులో పడే బాధకు నకలు. తర్వాత దాన్ని పళ్లేల్లో పోసి, ఓ ఉక్కు కుక్కర్‌లో పెట్టి, వాతావరణ పీడనానికి 20 రెట్ల గాలి ఎక్కించి, 100 డిగ్రీల దగ్గర 20 గంటలు ఉంచుతారు. మన వంటింటి కుక్కర్ విజిల్ వేసేది రెండు రెట్ల దగ్గరే. 20 గంటల తర్వాత మూత తీస్తే కొన్నేళ్ల ఎండలు తిన్న రోడ్డు తారు చేతికొస్తుంది.

ముదిరిందో లేదో చెప్పే పరీక్ష మాత్రం చాలా పాతది, చూడముచ్చటైనది. చిన్న గిన్నెలో తారు పోసి 25 డిగ్రీల నీళ్లలో ఉంచుతారు. దాని మీద సూది ఆనించి, సూది మీద 100 గ్రాముల బరువు పెట్టి, ఐదు సెకన్లు వదులుతారు. సూది ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూసి పదితో గుణించి చెబుతారు. మన రోడ్లకు ఎక్కువగా వాడే వీజీ-30 రకానికి ఈ అంకె కనీసం 45 ఉండాలి. పదేళ్లు ఎండిన రోడ్డు నుంచి తీసిన తారులో ఇది 20కి దిగిపోవడం మామూలే. సూదికి తారు లోపలికి దారి దొరకదు.

ఇప్పుడు నూనె దగ్గరికి వద్దాం.

నగరాల్లో రాత్రిపూట ఓ పెద్ద యంత్రం పాత రోడ్డు పైపొరను చెక్కేస్తూ, చెక్కిన పెళ్లల్ని ముందున్న లారీలోకి ఎగజిమ్ముతూ పోవడం మీరు చూసే ఉంటారు. మిల్లింగ్ అంటారు. ఆ పెళ్లలు ఎక్కడికి పోతాయి? చాలాచోట్ల ఏ సందులోనో గుంతలు పూడ్చడానికో, ఎవరింటి ముందో చదును చేయడానికో. వంద టన్నుల పెళ్లల్లో నాలుగైదు టన్నుల తారు ఉంటుంది, 95 టన్నుల మంచి కంకర ఉంటుంది. మన దేశం ఏటా 80 లక్షల టన్నులకు పైగా తారు వాడుతోంది, అందులో దాదాపు సగం దిగుమతి. ఓడల్లో తెప్పించిన సరుకును పదేళ్ల తర్వాత సందుల్లో పారబోయడం నాకు మాత్రం మింగుడుపడదు.

అయితే ఆ పెళ్లల్ని నేరుగా కొత్త మిశ్రమంలో కలిపితే ఏమవుతుంది? కాస్త కలిపితే ఏమీ కాదు. ఎక్కువ కలిపితే ముదిరిన తారు కరగదు, కొత్త తారుతో కలవదు. పైకి నల్లగా కనిపించే ఉత్త రాయిలాగే మిశ్రమంలో ఉండిపోతుంది. రోడ్డింజనీర్లు దీన్ని నల్లరాయి అంటారు. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో పాత రోడ్లను తిరిగి వాడటం పెద్ద ఎత్తున మొదలైనప్పటి నుంచీ ఈ నల్లరాయి చిక్కు వాళ్లను వేధిస్తూనే ఉంది. ఇవాళ అక్కడ వేసే కొత్త మిశ్రమంలో సగటున ఐదో వంతు పాత రోడ్డే. ఐదో వంతు దాటి సగానికి పోవాలంటే ఆ ముదిరిన తారును మళ్లీ మెత్తబరచాలి. దానికి మొదట వాడింది చమురు నుంచే తీసిన ఆరోమాటిక్ నూనెల్ని. పని జరిగింది గానీ ఆ నూనెల్లోనూ ఆరోగ్యానికి చేటు చేసే బహువలయ పదార్థాలు ఉంటాయి, వేడి చేస్తే ఘాటు పొగలు వస్తాయి. ప్లాంటు దగ్గర పనిచేసేవాళ్లు పీల్చాల్సింది ఆ పొగనే. మొక్కల నూనెలు రంగంలోకి వచ్చింది ఇక్కడ. వాటికి త్వరగా ఆవిరయ్యే గుణం లేదు, అంత వేడికీ మంట అంటుకోదు, పైగా మోతాదు తక్కువ సరిపోతుంది.

నూనె అణువును మూడు తోకలున్న గాలిపటంలా ఊహించుకోవచ్చు. తల గ్లిజరిన్, తోకలు కొవ్వు ఆమ్లాలు. ఆ పొడుగాటి తోకలు గడ్డకట్టిన అస్ఫాల్టీన్ గుంపుల మధ్యకు దూరి వాటిని కాస్త ఎడంగా జరుపుతాయి. పోయిన తేట కొంత తిరిగి వస్తుంది. తారు మళ్లీ పారుతుంది, రాయిని వదిలి కొత్త తారుతో కలుస్తుంది. ఇదంతా క్షణంలో జరగదు. నూనె మొదట పెళ్ల పైపైనే ఉంటుంది, గంటలు, ఒక్కోసారి రోజులు గడిచేకొద్దీ లోపలికి ఇంకుతుంది. తలకు నూనె పెట్టుకుని అరగంట కూర్చోమని పెద్దవాళ్లు చెప్పేది ఊరికే కాదు!

ఇక్కడ ఓ తగాదా ఉంది. గట్టిపడిన పప్పుచారులో నీళ్లు పోస్తే పలచబడుతుంది, కానీ ఉప్పూ పులుపూ తగ్గిపోతాయి. నూనె కూడా తారును ఊరికే పలచబరుస్తోందా, లేక దాని పాత గుణాలన్నీ తిరిగి తెస్తోందా? సూది మళ్లీ 45 దాకా దిగినంత మాత్రాన తారుకు యౌవనం వచ్చినట్టు కాదు. అతుక్కున్న ఆక్సిజన్ అతుక్కునే ఉంటుంది, నూనె దాన్ని ఊడబెరకదు. రంగు వేసిన జుట్టు లాంటిదే ఇది కూడా. ఈ మందుల్ని అమ్మేవాళ్లు 'పునర్యౌవనం' అంటారు. నాకైతే 'మెత్తదనం' అనే మాటే నిజాయతీగా అనిపిస్తుంది. మంచి నూనెలు గుంపుల్ని విడదీసి పగుళ్లను తట్టుకునే శక్తినీ కొంత తెస్తాయి, నాసిరకానివి పలచబరిచి ఊరుకుంటాయి. సూది ఈ రెంటికీ తేడా చెప్పలేదు, అందుకు వేరే పరీక్షలు కావాలి.

ఏ నూనె మంచిదన్నది దాని తోకల్లో ఉంది. తోకలో జంటబంధాలు ఎక్కువైతే ఆక్సిజన్‌కు అది విందుభోజనం. అవిసె నూనె చెక్క మీద పూస్తే నాలుగు రోజుల్లో పొరలా ఎండిపోయేది ఇందుకే. సోయా నూనె కూడా కొంత ఆ బాపతే. తారును ముసలితనం నుంచి కాపాడటానికి పోసిన నూనె తనే ముందు ముదిరిపోతే ఏం లాభం? అందుకే చాలామంది సోయా నూనెను నేరుగా పోయరు, దాని జంటబంధాలను రసాయనికంగా మార్చి వాడతారు. బజ్జీల బండి నూనెది ఇంకో చిక్కు. పదేపదే మరిగించడం వల్ల కొవ్వు ఆమ్లాలు గ్లిజరిన్ నుంచి విడిపోయి ఉంటాయి. ఆ ఆమ్లాలు ఎక్కువైతే తడిలో రాయికీ తారుకూ మధ్య పట్టు సడలిపోవచ్చు. వానాకాలం మొదట్లోనే కంకర తేలిపోయే రోడ్లు మనకు చాలానే ఉన్నాయి, వాటికి మరో కారణం మనమే చేర్చనక్కర్లేదు.

చలి దేశాల్లో ఎక్కువ వాడుకలో ఉన్నది టాల్ ఆయిల్. పొడుగుకూ దీనికీ సంబంధం లేదు. స్వీడన్ భాషలో 'టాల్' అంటే పైన్ చెట్టు. పైన్ కలపను కాగితపు గుజ్జు చేసేటప్పుడు తెట్టులా పైకి తేలే సబ్బు నుంచి దీన్ని తీస్తారు. కాగితం మిల్లుకు అది ఉపఉత్పత్తి, రోడ్డుకు మందు. ఎవరి కంచంలోంచీ లాక్కున్నది కాదు కనుక నాకు ఈ నూనె మీద గౌరవం.

సోయా కథ మరో దారిలో నడిచింది. అమెరికాలో ఐయొవా సోయా పండే రాష్ట్రం. ఐయొవా స్టేట్ యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరు క్రిస్ విలియమ్స్, కెమికల్ ఇంజనీరు ఎరిక్ కాక్రన్ జట్టుకట్టారు. వాళ్ల దృష్టి ముసలి తారు మీదే కాదు, లారీలు ఎక్కువగా తిరిగే రోడ్ల తారులో కలిపే సాగే పాలిమర్ మీద కూడా పడింది. దాన్ని ఎస్‌బీఎస్ అంటారు. స్టైరీన్, బ్యూటడైయీన్ కలిసిన రబ్బరులాంటి పదార్థం. బ్యూటడైయీన్ పెట్రోకెమికల్ ఫ్యాక్టరీల్లో మరోదాన్ని చేస్తుంటే పక్కన వచ్చే సరుకు, టైర్లకూ అదే కావాలి. ఫ్యాక్టరీలు ముడిసరుకు మార్చుకున్నప్పుడల్లా దాని ధర గంతులేస్తుంది. సోయా నూనె తోకల్లో ఉన్న జంటబంధాల్ని, అంటే ఇందాక మనం లోపమన్న వాటినే, ఈ ఇద్దరూ కొక్కేలుగా వాడుకున్నారు. ఆ కొక్కేలకు అక్రిలిక్ ముక్కలు తగిలించి, నూనె అణువుల్ని ఒకదానికొకటి గొలుసుగా అల్లి, రబ్బరులా సాగే పాలిమర్ చేశారు.

దాన్ని నిజం రోడ్డు మీద తేల్చుకోవడానికి 2018లో అలబామా రాష్ట్రంలో ఆబర్న్ విశ్వవిద్యాలయం నడిపే పరీక్షా ట్రాక్ మీద ఓ ముక్క వేశారు. ఈ ట్రాక్ గురించి కాస్త చెప్పుకోవాలి. కోడిగుడ్డు ఆకారంలో 2.7 కిలోమీటర్ల రోడ్డు. దాన్ని ముక్కలు ముక్కలుగా పంచుకుని రాష్ట్రాలు, కంపెనీలు తమ తమ మిశ్రమాలు వేసుకుంటాయి. దాని మీద బరువులు నింపిన ట్రయిలర్లు మూడేసి తగిలించుకున్న లారీలు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాయి. నడిపేది మనుషులే. పొద్దున్నుంచి రాత్రి దాకా, ఎక్కడికీ పోకుండా, రెండేళ్లు. పదేళ్లకు పైగా రోడ్డు మీద పడే బరువు ఆ రెండేళ్లలో పడుతుంది. ఆ డ్రైవర్లకు రోడ్డు మీద ప్రతి అతుకూ సీటు కింద తెలిసిపోతుందనుకుంటాను. పేపర్లో అచ్చయిన ఏ గ్రాఫు కన్నా నాకు ఆ లారీల మీదే నమ్మకం ఎక్కువ.

ఐయొవా లాంటి చలిచోట్ల పనికొచ్చే నూనె వైద్యాన్ని అలాగే తెచ్చి రామగుండంలో చేస్తే మాత్రం తప్పు చేసినట్టే. ఐయొవాలో చలికాలం సున్నాకు 20 డిగ్రీలు కిందికి పోతుంది. అక్కడి రోడ్డు చలికి ముడుచుకుని పటపటా పగులుతుంది. అక్కడ మెత్తదనం వరం. మనకు మే నెలలో రోడ్డు పైపొర 60 డిగ్రీలు దాటుతుంది. అదే మెత్తదనం ఇక్కడ లారీ చక్రం జాడలో గాడి పడేట్టు చేస్తుంది. బస్టాపుల దగ్గర, సిగ్నళ్ల దగ్గర తారు అలలు అలలుగా పక్కకు తోసుకుపోయి ఉండటం మనకు కొత్తేం కాదు. అందుకే మనకు ఈ నూనె ముదిరిన పెళ్లలు బాగా కలిసిన మిశ్రమానికే, అదీ పెళ్లల్లోని తారు బరువులో కొద్ది శాతం మాత్రమే పనికొస్తుంది. ముదిరిన తారు బిగుసు, నూనె మెతక, రెండూ కలిసి మధ్యేమార్గం. కొత్త తారులో నూనె పోస్తే మా అమ్మమ్మ మడమ వైద్యమే అవుతుంది.

రెండో అడ్డంకి వంటింట్లో ఉంది. మన వంటనూనెల్లో సగానికి పైగా దిగుమతే. తారు దిగుమతి తగ్గించుకోవడానికి పామాయిల్ దిగుమతి పెంచుకుంటే నవ్విపోతారు. వాడిన వంటనూనె ఉందిగా అంటే, దానికి ముందే కర్చీఫ్ వేసిన వాళ్లున్నారు. 2018లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ వాడిన నూనెను పోగుచేసి బయోడీజిల్‌కు మళ్లించే పథకం పెట్టింది. ఇక మిగిలినవి తినడానికి పనికిరాని నూనెలు.

మన చేతిలో ఉన్న అసలు సరుకు ఇదేనని నా ఉద్దేశం. ఐఐటీ భువనేశ్వర్ పరిశోధకులు ముదిరిన తారుకు కానుగ నూనెను, ఆముదం కలిసిన ఓ మిశ్రమాన్ని వేర్వేరుగా పట్టించి, దాని పోకడ ఎలా మారుతుందో కొలిచారు. కానుగ నూనెలో సగం దాకా ఒక్క జంటబంధమే ఉన్న ఓలియిక్ ఆమ్లం, కనుక త్వరగా ముదరదు. చేదు, వాసన, ఎవరూ వంటకు వాడరు. ఒకప్పుడు దీపాలకు, గజ్జికి వాడేవారు. ఆముదం సంగతి చెప్పక్కర్లేదు. పాలమూరు, నల్గొండ మెట్ట చేల పంట అది. దాని తోకల్లో పదింట ఎనిమిదికి పైగా రిసినోలియిక్ ఆమ్లానివే. ఆ తోకకున్న ఓ హైడ్రాక్సిల్ గుంపు వల్లే ఆముదానికి అంత చిక్కదనం, 'ఆముదం తాగిన మొహం' అనే మాట పుట్టేంత.

తినడానికి పనికిరాని ఈ వరసలో జీడిపెంకు రసం కూడా ఉంది. పలాసలో జీడిగింజలు కొట్టే ఆడవాళ్లు చేతులకు నూనె రాసుకునో బూడిద అద్దుకునో కూర్చుంటారు. గింజ పెంకులోని రసం చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ రసాన్ని వేడి చేస్తే కార్డనాల్ అనే పదార్థం వస్తుంది. ఒక కొన తారుతో, ఒక కొన రాతితో పొత్తు కలుపుకోగల అణువు. పైగా ఆక్సిజన్‌ను అడ్డుకునే గుణం కూడా దానికుంది. జీడితోటలకు పేరున్న బ్రెజిల్ సియారా రాష్ట్రంలో దీన్ని తారులో కలిపి చూస్తున్నారు. మన పెంకుల రసం మాత్రం ఎక్కువగా రంగులకు, బ్రేకు లైనింగులకు పోతోంది.

మొక్కల నుంచి రోడ్డుకు నూనె ఒక్కటే దారి కాదు. 2024 డిసెంబరులో నాగ్‌పూర్ దగ్గర మన్సర్‌లో 44వ నంబరు జాతీయ రహదారి మీద లిగ్నిన్ కలిపిన తారుతో ఓ ముక్క వేశారు. మొక్క కాండాన్ని నిటారుగా నిలబెట్టే జిగురు లిగ్నిన్, అది నూనెలా మెత్తబరచదు, తారుకు బదులుగా నిలబడుతుంది. అదే రహదారి ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా దక్షిణానికి సాగిపోతుంది. నూనెనే మరో తీరులో వాడినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు పొద్దుతిరుగుడు నూనెను చిన్న చిన్న గుళికల్లో బంధించి తారులో కలిపారు. పగులు గుళిక దాకా వస్తే గుళిక పగిలి, నూనె కారి, పగులు పూడుతుంది. ఆలోచన ముచ్చటగానే ఉంది గానీ, మన ఓవర్‌లోడు ఇసుక లారీలకు ఆ గుళికలు మొదటి నెలలోనే పగిలిపోతాయేమోనని నా అనుమానం.

పాత రోడ్డును తిరిగి వాడటానికి మన దేశంలో నియమావళి లేక కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే దానికోసం 120వ నంబరు పత్రం అచ్చేసింది. పెళ్లల్ని కుప్పపోసి, వాన తగలకుండా కప్పి, జల్లించి, అందులో తారు ఎంతుందో ఎంత ముదిరిందో కొలిచి, అప్పుడు నూనె మోతాదు తేల్చాలి. అంత తీరిక రాత్రిపూట రోడ్డు చెక్కి తెల్లారేసరికి ట్రాఫిక్ వదలాల్సిన కాంట్రాక్టరుకు ఉండదు. ఆ తీరిక టెండరులోనే రాయాలి, డబ్బు కూడా అందులోనే కేటాయించాలి.

మా వీధికి రెండు పక్కలా కానుగ చెట్లే. ఎప్పుడో మునిసిపాలిటీ నీడకోసం నాటింది. పోయినేడు రోడ్డు చెక్కి కొత్తది వేశారు, చెక్కిన పెళ్లలు వీధి చివర ఖాళీ స్థలంలో ఇప్పటికీ కుప్పగా ఉన్నాయి, దాని మీద తుమ్మ మొలిచింది. వేసవి వచ్చేసరికి చెట్ల నుంచి ఎండిన కాయలు తారు మీదే రాలుతుంటాయి. పొద్దున్నే ఊడ్చే ఆవిడ వాటిని చీపురుతో ఓ మూలకు చేర్చి, చెత్తబండి రాగానే ఎత్తి పోస్తుంది.